ఆదివారం వేడెక్కని కారు

మార్చి 3

ఒరేయ్ చిన్నోడా,

అక్క ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో అయితే మనిద్దరం రెండు నిమిషాల్లో పోట్లాటకి దిగుతాం, మూడో నిమిషంలో ఎవరో ఒకరు పెట్టేస్తాం. ఉత్తరాల్లో పోట్లాడాలన్నా వారం పడుతుంది. పైగా నేను అడగబోయేది నువ్వు నిదానంగా ఆలోచించి చెప్పాల్సిన సంగతి.

మన ముసల్ది మళ్ళీ మరిగింది. అమ్మ అనుకునేవు, నా కారు! మొన్న దర్జీ ఆవిడకి మలుపులు తిప్పడం నేర్పుతున్నాను. ఆవిడ క్లచ్ తొక్కడం వరకూ బాగా తొక్కుతుంది, కుట్టుమిషను అలవాటు కదా, వదలడమే రాదు. మార్కెట్ వెనక సందులో ఉండగా బానెట్ అంచుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. ఆవిడ కెవ్వుమని స్టీరింగ్ వదిలేసి, తలుపు తీసుకుని దిగిపోయింది. కారు ఇంకా నడుస్తూనే ఉంది! నేర్పేవాళ్ళ వైపు రెండో బ్రేకు ఉంటుందే, అది తొక్కి ఆపాను. లేకపోతే ఈ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద నుంచి రాసేదాన్ని.

మెకానిక్ పెద్దాయన చూశాడు. రేడియేటర్ పైన టాంకు అతుకు విచ్చుకుంది. పాతకాలపు ఇత్తడిది కాబట్టి ఇన్నేళ్ళూ టంకం పెట్టి నెట్టుకొచ్చాడు. ఈసారి మాత్రం "అమ్మా, ఇందులో రేడియేటర్ కన్నా నా టంకమే ఎక్కువుంది. ఇక నా వల్ల కాదు" అనేశాడు. పైపైన అతికి, నెలాఖరు దాకా ఎలాగో లాగించుకోమన్నాడు.

కొత్తవి రెండు రకాలున్నాయి. ఒకటి మొత్తం లోహం, ఖరీదెక్కువ. రెండోది మధ్యలో అల్యూమినియం జాలీ, పైనా కిందా నల్లటి ప్లాస్టిక్ టాంకులు. పెద్దాయన లోహం పార్టీ. "ప్లాస్టిక్ బకెట్టే వేడినీళ్ళకి మెత్తబడుతుంది, ఇంజిన్ నీళ్ళకి ఆగుతుందా?" అన్నాడు. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. మీ ఫ్యాక్టరీలో అచ్చు పోసేవి ఆ టాంకులే కదా!

ఇది వట్టి కారు గోల కాదురా. పెద్ద రోడ్డులో కొత్తగా వెలిసిన డ్రైవింగ్ స్కూలుందని చెప్పానే, దాని ఓనరు నన్ను తన దగ్గర చేరమంటున్నాడు. ఆడవాళ్ళందరూ నా దగ్గరికే వస్తున్నారని ఆయన బెంగ. జీతమిస్తాడట, వాళ్ళ కార్లేనట, నెలాఖరులోగా ఏ సంగతీ తేల్చాలట. నా కారు నిలబడితే నా స్కూలు నిలబడుతుంది. లేదంటే ఆయన గంట కొట్టినప్పుడు ఎక్కి, ఆయన గంట కొట్టినప్పుడు దిగాలి. అక్కడ పాఠానికి అరగంటేనట. దర్జీ ఆవిడ లాంటి మనిషికి భయం పోవడానికే అరగంట కావాలి. నాకు ఆ స్కూల్లో చేరాలని లేదు. గట్టిగా కాదనడానికి ధైర్యమూ చాలడం లేదు. అందుకే అడుగుతున్నాను, ఏ రేడియేటర్ వేయించమంటావు?

మీ బావని అడిగితే "నీ కారు, నీ స్కూలు, నీ ఆవిరి" అని పేపరు తిరగేశారు.

వెంటనే రాయి.

నీ అక్క

మార్చి 7

అక్కా,

నీ ఉత్తరం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇచ్చారు. వాచ్‌మన్ కవరు చూసి, గొంతు తగ్గించి "ఇంటిదగ్గర ఎవరైనా పోయారా బాబూ?" అని అడిగాడు. "పోలేదు, ముసల్దానికి సీరియస్‌గా ఉంది" అన్నాను. పాపం ఆయన ఇప్పటికీ నన్ను జాలిగానే చూస్తున్నాడు.

ముందు మీ పెద్దాయనకి ఒక మాట చెప్పు. బకెట్టు ప్లాస్టిక్ వేరు, మా ప్లాస్టిక్ వేరు. మా దాంట్లో గాజు పీచు కలుపుతారు. సుత్తితో కొడితే సుత్తి ఎగిరొస్తుంది. నేనిక్కడ ఏం పని చేస్తానో నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. టాంకులు పోసేది నేను కాదు, వాటిని చంపేది నేను. పరీక్ష గదిలో వాటిలోకి మరిగే నీళ్ళు పంపిస్తాను, ఒత్తిడి పెంచుతాను, చల్లారుస్తాను, మళ్ళీ మరిగిస్తాను. ఏది ఎక్కడ చిట్లుతుందో చూసి రాయడమే నా ఉద్యోగం. చిన్నప్పుడు ఇంట్లో ఏది పగలగొట్టినా నీ చేత మొట్టికాయలు తిన్నాను. ఇప్పుడు అదే పనికి జీతమిస్తున్నారు.

కాబట్టి ప్లాస్టిక్‌దే వేయించు. తేలిగ్గా ఉంటుంది, పాత చోట సరిగ్గా కూర్చుంటుంది. దాని వయసుకి ఇంకో నాలుగైదేళ్ళు చాలు కదా, అంతకన్నా మన్నేది పెట్టి ఏం లాభం? ఒకటి మాత్రం ముందే చెప్తున్నాను, ఏమీ అనుకోకు. ఫ్యాక్టరీలోంచి ఒకటి తెచ్చివ్వడం నా వల్ల కాదు. గేటు దగ్గర సంచులు తడిమి చూస్తారు.

అది సరే, అసలు అంత వేడి ఎందుకు పుడుతోంది? ఎప్పుడెప్పుడు మరుగుతోంది, పొద్దున్నా మధ్యాహ్నమా? సందుల్లోనా, పెద్ద రోడ్డు మీదా? టాంకు చిట్లితే మేము ముందు టాంకుని తిట్టం, దానికి ఏం కష్టం వచ్చిందో చూస్తాం. కొంచెం గమనించి రాయి. నాకు నిద్రపట్టేలా లేదు.

బావగారికి నమస్కారాలు. ఆవిరి గురించి ఆయన అన్నమాట మా గదిలో అందరికీ చెప్పాను.

తమ్ముడు

మార్చి 14

చిన్నోడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఇంకా కోపంతో.

ఫ్యాక్టరీలోంచి తెచ్చిపెట్టమని నేను అడిగానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ గేటు గొడవంతా నాకెందుకు రాశావు? సలహా అడిగితే సంచి చాపానని అనుకున్నావా?

రెండోది ఇంకా ఘోరం. "ఇంకో నాలుగైదేళ్ళు చాలు" అట! ఎవరికి చాలురా? కారుకా, స్కూలుకా, నాకా? ఆ కారు ఎన్నాళ్ళుంటే నా స్కూలు అన్నాళ్ళని నీకు రాసే కదా ఏడ్చాను. మొన్న అమ్మ కూడా "ఎన్నాళ్ళని ఈ తిప్పలే, నెల తిరిగేసరికి జీతమొచ్చే చోట చేరక" అంది. తల్లీకొడుకులిద్దరూ మాట్లాడుకుని చెరో పక్కనుంచి మొదలుపెట్టారని నాకు అర్థమైంది. పెద్దాయన అన్నది నిజమే. కాకిపిల్ల కాకికి ముద్దు, నీ టాంకు నీకు ముద్దు.

అయినా అడిగావు కాబట్టి జవాబు చెప్తున్నాను. నీ ప్రశ్న నా బుర్రలో దూరి ఒకటే తొలిచేస్తోంది, అందుకని కూడా.

ఈ వారమంతా వేడి చూపించే ముల్లు మీదే కన్నేసి ఉంచాను. పాఠం చెప్తూ ముల్లు చూడటం ఎంత కష్టమో నీకేం తెలుసు. బ్యాంకు క్లర్కు ఒకాయన కొత్తగా చేరాడు. ఎదురొచ్చే ప్రతి కారుకీ పక్కకి తప్పుకుని "సారీ అండీ" అంటాడు. అద్దాలు మూసి ఉన్నా సరే. ఆయన సారీలు లెక్కపెట్టనా, ముల్లు చూడనా? పొద్దున్న పాఠాలకీ వేడెక్కింది, సాయంత్రం పాఠాలకీ వేడెక్కింది. సందుల్లో ఎక్కువ, పెద్ద రోడ్డు మీద కొంచెం తక్కువ.

విచిత్రం ఏంటంటే, ఆదివారం వేడెక్కలేదు. నేనూ మీ బావా కూరగాయలకి వెళ్ళాం. అదే మార్కెట్, అవే సందులు, అదే ఎండ. ముల్లు సగం దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఆలోచిస్తే ఇంతకుముందు ఆదివారాలూ అంతే. "ఇంజినుకి కూడా సెలవు తెలుసా?" అని పెద్దాయన్ని అడిగాను. నవ్వి, "ఆదివారం మీరు నడుపుతారు, మిగతా రోజులు వాళ్ళు నడుపుతారు. సగం క్లచ్ మీద ఈడిస్తే ఏ ఇంజినైనా ఉడుకుతుందమ్మా" అన్నాడు. సబబుగానే అనిపించింది. నేర్చుకునేవాళ్ళని మానేస్తే కారు బాగుంటుంది, కానీ స్కూలు ఉండదు.

ఇంకా కోపంగానే ఉన్న
అక్క

మార్చి 18

అక్కా,

ఒట్టు, నేను అమ్మతో ఈ విషయం ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. నువ్వు రాసిన తర్వాత ఫోన్ చేశాను. ఇప్పుడు అమ్మకి నీ మీదా నా మీదా ఇద్దరి మీదా కోపం.

నాలుగైదేళ్ళన్నది కారు గురించే. మా పరీక్ష గదిలో ప్రతి వస్తువు మీదా ఇది ఇన్నేళ్ళు బతుకుతుందని రాయడం అలవాటైపోయింది. ఆ నోటితోనే నీకూ రాసేశాను. నీకు గుచ్చుకుంటుందని తోచలేదు. అది నా మొద్దుతనమే. కానీ నాకూ నొచ్చింది. ఇంజిన్లు విప్పే ఆయన మాటకి తలూపావు, నేను చెప్తే మాత్రం సరుకు అమ్ముకునేవాడిలా కనిపించాను. మన ఇంట్లో నేను చేసే పనిని ఎప్పుడైనా ఎవరైనా పని అనుకున్నారా? అమ్మ చుట్టాలతో "మావాడు ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో ఉన్నాడు" అని చెప్తుంది.

సరే, ఆ సంగతి పక్కన పెట్టు. ఆదివారం మాట చదివి నేను భోజనం మధ్యలో లేచాను. నిజంగా! ఎడం చేత్తో ఉత్తరం పట్టుకుని గదంతా తిరిగాను. మీ పెద్దాయన చెప్పింది నిజమే కావచ్చు, కానీ కావచ్చు అనేది మా గదిలో చెల్లదు. చూడాలి. ఒకటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. మామూలు రోజున నేర్చుకునేవాళ్ళ బదులు నువ్వే నడుపు, నీ పద్ధతిలో, మెత్తగా. ఆదివారం బావగారి చేత నడిపించు. ఆయన్ని మించి క్లచ్‌ని హింసపెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదని నువ్వే అన్నావు కదా. పెద్దాయన మాటే నిజమైతే మామూలు రోజు వేడెక్కకూడదు, ఆదివారం వేడెక్కాలి.

ఇంకోటి, అందులో ఏ నీళ్ళు పోస్తున్నావు? కుళాయి నీళ్ళని మాత్రం చెప్పకు. వాటిలో ఉప్పు లోపల పేరుకుపోతుంది. కూలెంట్ అని రంగు నీళ్ళు అమ్ముతారు, ఇకనుంచి అవి పోయించు.

ఫలితం తెలిసిన రోజే రాయి.

డబ్బాల కంపెనీ తమ్ముడు

మార్చి 24

ఒరేయ్ చిన్నోడా,

కుళాయి నీళ్ళే పోశానురా, తిట్టు.

ఇక విను. శుక్రవారం పొద్దున్న బ్యాంకు క్లర్కుని పక్కన కూర్చోబెట్టి, "ఇవాళ మీరు చూసి నేర్చుకోండి" అని నేనే నడిపాను. వెన్నలో కత్తి దిగినట్టు గేర్లు మార్చాను. ఆయన మైమరచి చూస్తున్నాడు. మార్కెట్ సందు దాటేసరికి ముల్లు ఎర్ర గీత ముట్టుకుంది! నాకే నడపడం రాదని ఆయన ఎక్కడ అనుకుంటాడోనని సిగ్గేసింది. ఆయన మాత్రం అలవాటు కొద్దీ నాకు సారీ చెప్పాడు.

నిన్న ఆదివారం మీ బావ వంతు. "ఇంట్లో కూర్చున్నవాణ్ణి ప్రయోగాలకి ఎలకని చేసి ఆడించడానికా మీ తమ్ముడికి జీతం?" అని గొణుక్కుంటూనే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. సగం క్లచ్, మొదటి గేరు, ఇంజిన్ ఒకటే అరుపు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి మరీ నవ్వారు. ఒకసారి కారు ఆగిపోయి, స్టార్ట్ చేయబోయి వైపర్లు ఆడించారు. చిన్నోడా, ముల్లు కదల్లేదు. సగం దగ్గరే ఉంది!

అంటే ఇన్నాళ్ళూ పాపం నేర్చుకునేవాళ్ళని ఊరికే తిట్టాను. ఇంటికొచ్చాక నేనూ మీ బావా వంటింట్లో కూర్చుని ఆదివారానికీ మిగతా రోజులకీ ఏం తేడా ఉందా అని తలలు బద్దలు కొట్టుకున్నాం. ఆదివారం వెనక సీట్లో కూరగాయల సంచులుంటాయి. రేడియో పెడతాం. స్కూలు బోర్డు ముందు నుంచి విప్పి డిక్కీలో పడేస్తాం, లేకపోతే ఉల్లిపాయలమ్మే ఆయన కూడా లైసెన్సుకి ఎంతవుతుందని బేరం మొదలుపెడతాడు. అద్దాలు దించుతాం. మీ బావ రేడియో వల్లే అంటున్నారు. ఇంజిన్‌కి పాటలు ఇష్టమట. ఆయనతో ఇక లాభం లేదు.

నీ మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. నీ పని ఇలాంటిదని నాకు నిజంగా తెలియదురా. అడగాల్సింది. డబ్బాల కంపెనీ అని అమ్మ అన్నప్పుడు నేనూ నవ్వాను, ఇకమీదట నవ్వను.

పెద్ద స్కూలు ఓనరు నిన్న చొక్కా పంపించాడు, స్కూలు పేరు కుట్టి ఉంది. సైజు చూసుకోమన్నాడట. ఇంకా విప్పలేదు. అలాగే తీసుకెళ్ళి బీరువా పైన పడేశాను.

అక్క

మార్చి 27

అక్కా,

బోర్డు! బోర్డు! బోర్డు!

నీ ఉత్తరం బస్సులో చదివాను. ఆ ముక్క దగ్గరికి రాగానే పైకే అరిచాను, కండక్టరు బస్సు ఆపాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని.

పోయినేడు నీ బోర్డుకని ప్లాస్టిక్ షీటు పంపింది ఎవరు? నేనే. ఎండకి వంగదు, వానకి తడవదు అని గొప్పలు పోయింది ఎవరు? నేనే. పెద్ద స్కూలు వాళ్ళ బోర్డు కన్నా అంగుళమైనా పెద్దది ఉండాలి, కారు ముందు ముఖమంతా నీ పేరే కనబడాలి అని కొలత చెప్పిందీ నేనే. నువ్వు నా మాట విని తుచ తప్పకుండా అలాగే కట్టావు. రేడియేటర్‌కి గాలి వచ్చేది ఆ ముఖంలోంచే అక్కా! వెనక ఫ్యాను ఎంత లాగినా బోర్డు ముందు అడ్డంగా ఉంటే గాలి ఎక్కడిది? మనమిద్దరం కలిసి దాని ముక్కు మూసి, ఎందుకు ఆయాసపడుతోందని వైద్యం చేయిస్తున్నాం. ఆ పాత రేకు బోర్డు చిన్నది, బంపరు కింద వేలాడేది, అందుకే అప్పుడు అతుకు కారినా ఇలా మరిగేది కాదు. ఇప్పుడే వెళ్ళి విప్పెయ్యి. పైకప్పు మీద కట్టించు, ఇంకా దూరానికి కనబడుతుంది.

అయినా పాతది ఎలాగూ పోయింది, కొత్తది వేయించక తప్పదు. నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. లోహానిదే వేయించు. ఎవరో మా టాంకుని బకెట్టు అన్నారన్న రోషంలో, నీ కారు ఎలా తిరుగుతుందో అడక్కుండానే చెప్పేశాను. మా టాంకు మంచిదే. వేడి మామూలుగా ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. దాన్ని చంపేది మరగడం, చల్లారడం, మళ్ళీ మరగడం. అతుకు దగ్గర బీట పడితే టంకం పెట్టే వీలుండదు, మొత్తం తీసి పారెయ్యాలి. లోహానిదైతే మీ పెద్దాయన ఇంకో పదేళ్ళు అతుకులేస్తాడు. నీ స్కూలు పదేళ్ళు ఉండాలక్కా. ఇరవై ఉన్నా నాకు సంతోషమే. ప్లాస్టిక్ పార్టీ వాణ్ణి, నేనే చెప్తున్నాను, లోహానిదే తీసుకో.

ఆ చొక్కా మాత్రం తొడుక్కోకు.

తమ్ముడు

ఏప్రిల్ 4

చిన్నోడా,

బోర్డు విప్పిన రోజే పెద్దాయన్ని ఎక్కించుకుని ఎండలో మార్కెట్ సందులన్నీ తిప్పాను. ముల్లు చచ్చినా సగం దాటలేదు. ఆయన దిగి, బానెట్ ఎత్తి చూసి, మళ్ళీ దించాడు. తర్వాత "అమ్మా, నేను బానెట్ ఎత్తిన ప్రతిసారీ ముందు ఆ బోర్డు విప్పి పక్కన పెట్టేవాణ్ణి" అని తల పట్టుకున్నాడు. ముగ్గురం సరిపోయాం.

ఇప్పుడు నువ్వు తిట్టినా సరే, నేను ప్లాస్టిక్‌దే వేయించాను.

ఆగు, చింపకు, చదువు. నువ్వు చెప్పావని లోహానిదే కొందామని కొట్టుకి వెళ్ళాను. కౌంటరు మీద రెండూ పెట్టాడు. లోహానిది రెండు చేతులా ఎత్తి చూశాను. పదేళ్ళు అనుకున్నాను. అనుకోగానే దాన్ని మళ్ళీ కౌంటరు మీద పెట్టేశాను. పదేళ్ళపాటు రోజూ ఆ సందుల్లో తిరుగుతానా? ఆ పెద్ద స్కూలు పక్కన నిలబడతానా? నాకు తెలియదురా. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు భయమేసింది. రేడియేటర్‌ని చూసి భయపడ్డ మొదటి మనిషిని నేనేనేమో.

తర్వాత ప్లాస్టిక్‌ది తీసుకున్నాను. నాలుగేళ్ళు అనుకున్నాను. భయం వేయలేదు. నువ్వు మొదట రాసిన మాటే, నేను అంత గొడవ చేసిన మాటే. ఎదుటివాళ్ళు అంటే నాలుగేళ్ళేనా అని కోపమొచ్చింది. నాకు నేను అనుకుంటే అబ్బో, నాలుగేళ్ళు! అనిపించింది. ఈ నాలుగేళ్ళూ ఎవరినీ అడక్కుండా నడపగలను, ఆ మాత్రం ధైర్యం నా దగ్గర ఉంది. అది అయ్యాక ఇంకో నాలుగేళ్ళకి మళ్ళీ ధైర్యం చేసుకుంటాను. గాలి ఆడుతోంది, కూలెంట్ పోయించాను, మరగకపోతే ఏళ్ళ తరబడి ఉంటుందని నువ్వే రాశావు కదా. పెద్దాయన సణుగుతూనే బిగించాడు, కానీ బిగించాక నల్ల టాంకు మీద వేలితో కొట్టి, చెవి ఆనించి విని, "మీ తమ్ముడు దీన్ని నిజంగా మరగబెట్టి చూస్తాడా? ఎంత సేపు? చిట్లితే ఎలా చప్పుడొస్తుంది?" అని ఒకటే ప్రశ్నలు. ఈసారి వచ్చినప్పుడు ఆయనకి నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు.

చొక్కా మడత విప్పకుండానే తిప్పి పంపించేశాను. దాంతో ఓనరు నెలాఖరు సాయంత్రం స్వయంగా వచ్చాడు. నేను పాఠానికి బయల్దేరుతున్నాను. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, చాలా మర్యాదగానే అడిగాడు.

"ఏమ్మా, ఈ బండి ఇంకెన్నాళ్ళొస్తుందని మీ ధైర్యం?"

"నాలుగేళ్ళండీ. బాగా చూసుకుంటే అయిదు. పరీక్ష చేసేవాళ్ళే చెప్పారు" అన్నాను. తర్వాత నాకూ తెలుసుకోవాలనిపించి అడిగాను, "మీ దగ్గర నా ఉద్యోగం ఎన్నాళ్ళొస్తుందండీ?"

ఆయన బానెట్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. "బోర్డు పైకప్పు మీదకి ఎక్కించారే" అన్నాడు. నాకు పాఠానికి ఆలస్యమవుతోందని వచ్చేశానురా.

నీ అక్క